నాన్న పోయింది ఒక్కసారే, ఆఫీసులకి చెప్పింది ఏడుసార్లు. వీళ్ళలో వీళ్ళు మాట్లాడుకోరా?

అలసిన_పాదాలు
నాన్న పోయి నాలుగు నెలలైంది. బాధ సంగతి పక్కన పెడితే ఈ నాలుగు నెలల్లో నేను చేసిన పెద్ద పని ఏంటంటే ఆయన నిజంగానే పోయారని ఒక్కో ఆఫీసునీ విడివిడిగా నమ్మించడం. డెత్ సర్టిఫికెట్ ఇచ్చింది ప్రభుత్వమే, దాని మీద నంబరుంది, క్యూఆర్ కోడ్ ఉంది, డిజిటల్ సంతకం ఉంది. అదే కాగితం పెన్షన్ వాళ్ళకి, పన్ను వాళ్ళకి, ఓటర్ల జాబితా వాళ్ళకి, భూమి రికార్డుల వాళ్ళకి, డ్రైవింగ్ లైసెన్స్ వాళ్ళకి, పాస్‌పోర్ట్ వాళ్ళకి, ఆరోగ్య పథకం వాళ్ళకి. ఏడు పోర్టల్స్, ఏడు లాగిన్లు, ఏడు పాస్‌వర్డులు. ఒకరు పీడీఎఫ్ అంటారు, ఒకరు జేపీజీ తప్ప తీసుకోరు, ఒకరికి 200 కేబీ లోపు ఉండాలి. ఒకచోటైతే ఒరిజినల్ ప్రింట్ తీసి ఆఫీసర్ చేత సంతకం పెట్టించి స్కాన్ చేసి పెట్టమన్నారు, అంటే డిజిటల్ సంతకం ఉన్నదాన్ని కాగితం చేసి, పెన్నుతో సంతకం పెట్టించి, మళ్ళీ డిజిటల్ చెయ్యాలన్నమాట.

ఇవన్నీ ఒకే ప్రభుత్వం కదా. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి "ఈయన పోయారు" అని ఒక్క మాట చెప్పలేదా? టెక్నాలజీ లేకనా, మనసు లేకనా?

క్యూలో_చివరివాడు
ఏడేనా, అదృష్టవంతులు. మాకు తొమ్మిదయ్యాయి, పదోది సర్వర్ డౌన్.

బిట్టుబాబు
టెక్నాలజీ లేక మాత్రం కాదండీ. ఎస్టోనియా అని 13 లక్షల మంది ఉండే చిన్న దేశం, 2001లోనే ఎక్స్-రోడ్ అని పెట్టుకున్నారు. చాలామంది అనుకున్నట్టు అదేదో పెద్ద డేటాబేస్ కాదు, అందరి వివరాలూ తెచ్చి ఒకచోట కుప్ప పొయ్యరు. ఎవరి రిజిస్టర్ వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఇంకో ఆఫీసుకి అవసరం పడితే ఆ దారిలో అడుగుతుంది, అడిగిన ప్రతిదానికీ సంతకం, టైమ్, ఎవరు అడిగారో రాసిపెట్టే లాగ్ ఉంటాయి. ఒక ఆఫీసు ఇప్పటికే తీసుకున్న వివరాన్ని మళ్ళీ సేకరించడానికి ఇంకో ఆఫీసు వేరే డేటాబేస్ పెట్టుకోకూడదని చట్టంలోనే రాసేసుకున్నారు. కోడ్ రాయడం ఒక ఎత్తు, ఆ ఒక్క వాక్యం చట్టంలో రాయడం ఒక ఎత్తు. రెండోదే కష్టం.

దూరపుచుట్టం
అచ్చం మీ సమస్యకే బ్రిటన్‌లో ఒక సర్వీస్ ఉంది, పేరు కూడా 'టెల్ అస్ వన్స్'. చావు రిజిస్టర్ చేయించినప్పుడు రిజిస్ట్రార్ ఒక రిఫరెన్స్ నంబర్ ఇస్తాడు, దాంతో ఒక్కసారి చెప్తే పన్ను, పెన్షన్, పాస్‌పోర్ట్, లైసెన్స్, లోకల్ కౌన్సిల్ అన్నిటికీ వాళ్ళే చెప్పేస్తారు. బ్యాంకులు మాత్రం అందులో రావు, వాటికి మళ్ళీ మనమే తిరగాలి.

నల్లమసి
డెన్మార్క్‌లో ఇంకో తమాషా. చావు నమోదు చేసేది చర్చి ఆఫీసు. అక్కడ రాస్తే 1968 నుంచి ఉన్న సీపీఆర్ అనే జనాభా రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి మిగతా ఆఫీసులకి. దేవుడికి చెప్తే ప్రభుత్వానికి చెప్పినట్టే అన్నమాట.

పాతగుమస్తా
ముప్పై రెండేళ్ళు కౌంటర్ అవతల కూర్చున్నవాణ్ణి, కాబట్టి నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి కానీ ఒక మాట వినండి. మీరనుకునేది గుమాస్తాకి మనసు లేక కాగితం అడుగుతాడని. అది కాదమ్మా. రేపు ఆడిట్ వాళ్ళు వచ్చి "ఈ పెన్షన్ ఎందుకు ఆపావు, ఆధారం చూపించు" అంటే ఫైల్లో ఉన్న కాగితమే నన్ను కాపాడుతుంది. "సార్, పక్క ఆఫీసు కంప్యూటర్ చెప్పింది" అంటే ఒప్పుకునే ఆడిటర్‌ని నేనింతవరకూ చూళ్ళేదు. స్క్రీన్ మీద కనపడింది సాక్ష్యమని నిబంధన మార్చకుండా పోర్టల్ మాత్రం మార్చారు, అందుకే డిజిటల్ సంతకం మీద పెన్ను సంతకం. ఇంకో సంగతి, చెప్పడానికి మొహమాటంగా ఉంది కానీ చెప్తా. మా రిజిస్టర్ మాదే అనే మమకారం ఉంటుంది. పక్క డిపార్ట్‌మెంట్ వాడు వచ్చి అందులో చూస్తానంటే మా సూపరింటెండెంట్ గారు సొంత బీరువా తాళం అడిగినట్టు చూసేవారు. మా తప్పులు బయటపడతాయన్న భయం కూడా అందులో కొంత ఉంది, ఎందుకు దాచడం.

అలసిన_పాదాలు
గుమాస్తా గారూ, మిమ్మల్ని ఎందుకు తిడతాను, నాకు ఇంతమందిలో అర్థమయ్యేట్టు చెప్పింది మీరే. అందరూ నవ్వుకునే ముచ్చట ఇంకొకటి ఉంది. ఒక పోర్టల్లో "ఖాతాదారు మరణం నమోదు" అనే బటన్ ఎక్కడుందో తెలుసా? ఖాతాదారు లాగిన్ అయ్యాక లోపల. అంటే నాన్నే లాగిన్ అయి తను పోయానని చెప్పాలి. ఓటీపీ ఆయన ఫోన్‌కి వస్తుంది. ఆయన ఫోన్ నా దగ్గరుంది కాబట్టి కొట్టేశాను. తప్పో ఒప్పో తెలీదు.

ఓటీపీ_కూతురు
తప్పే కానీ అందరం చేసే తప్పు. మా అమ్మ బతికే ఉంది, డెబ్బై ఎనిమిదేళ్ళు, ఆవిడ డిజిటల్ గుర్తింపు మొత్తం నేనే. ఆవిడ పాస్‌వర్డ్ నాది, ఆవిడ ఓటీపీ నాకే వస్తుంది, ఆవిడ "నేను అంగీకరిస్తున్నాను" అని టిక్ పెట్టేది నేను. చట్టం లెక్కన ఇది ఇంకొకరిలా నటించడమే కదా. ఆఫీసుకెళ్తే "మీ అమ్మగారి చేత చేయించండి" అంటారు, అమ్మకేమో స్క్రీన్ మీద అక్షరాలు కనపడవు. డెన్మార్క్‌లో, ఫిన్లండ్‌లో అయితే "నా తరఫున మా అమ్మాయి ఈ ఈ పనులు చెయ్యొచ్చు" అని ఆన్‌లైన్‌లోనే అధికారం రాసివ్వచ్చు, అప్పుడు నేను నా పేరుతోనే లాగిన్ అయి ఆవిడ పని చేస్తాను, చేసింది నేనని రికార్డులో ఉంటుంది. అంత చిన్న సంగతి లేకపోబట్టి ఇంటింటా ఒక దొంగ ఉన్నాడు, దొంగ కూతురో కొడుకో.

క్యూలో_చివరివాడు
దొంగ కూతురు 😂 నేను దొంగ అల్లుణ్ణి. మామగారి పాస్‌వర్డ్ ఆయన కంటే నాకే బాగా గుర్తు.

అనుమానప్పక్షి
అందరూ "కలిపెయ్యండి కలిపెయ్యండి" అంటున్నారు, ఒక్క నిమిషం ఆగండి. ఈరోజు చావు వార్త పంచుకోవడం బాగుంటుంది. రేపు ఆస్పత్రిలో మీరు ఏం మందులు తీసుకున్నారో లైసెన్స్ ఆఫీసుకి తెలుస్తుంది, ఎల్లుండి మీ పిల్లాడి స్కూల్ హాజరు పన్ను ఆఫీసులో కనపడుతుంది. తలుపు ఒకసారి తీస్తే దాంట్లోంచి ఏది వెళ్ళాలో ఏది వెళ్ళకూడదో ఎవరు చూస్తారు? నన్ను పది సార్లు అడిగినా పర్లేదు, అడిగినప్పుడల్లా ఎవరు ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుస్తుంది. ఆ ఇబ్బందే నాకు కాపలా.

బిట్టుబాబు
ఇబ్బందే కాపలా అనడం మాటగా బాగుంది బ్రో, నలభై రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి చెప్పు.

అనుమానప్పక్షి
తిరిగాను కాబట్టే చెప్తున్నా.

బతికేఉన్నా_సామీ
నా పేరు చూస్తే అర్థమయ్యుంటుంది, ఈ టాపిక్ నా కోసమే తెరిచినట్టుంది. నేను మొన్నటిదాకా చచ్చిపోయాను. ఊరికే చెప్పట్లేదు, రికార్డులో. నా పేరే ఉన్న ఇంకొకాయన పోయారు, పుట్టిన సంవత్సరం కూడా అదే. ఎక్కడో ఒక చోట పేరూ సంవత్సరం చూసి జత కలిపేశారు, ఆయన చావు నా ఖాతాలో పడింది. ముందు నాకొచ్చే భత్యం ఆగింది, ఆగినట్టు మెసేజ్ కూడా లేదు, ఎందుకుంటుంది, చచ్చినవాడికి మెసేజ్ పంపరు కదా. తర్వాత ఆరోగ్య కార్డు పని చెయ్యలేదు. తర్వాత ఓటు పోయింది.

సరే, మొదటి ఆఫీసుకెళ్ళా. వాళ్ళు మంచోళ్ళే, చూశారు, నాలిక్కరుచుకున్నారు, రెండు వారాల్లో సరిచేశారు. హమ్మయ్య అనుకున్నా. కానీ మిగతా మూడు చోట్ల నేను ఇంకా శవాన్నే. ఎందుకో ఏడు నెలలు తిరిగాక ఒక టెక్నికల్ కుర్రాడు జాలిపడి చెప్పాడు. రోజూ రాత్రి ఆ మొదటి ఆఫీసు నుంచి వీళ్ళకి ఒక ఫైల్ వస్తుందంట, అందులో కొత్తగా చనిపోయినవాళ్ళ పేర్లు ఉంటాయంట. "తిరిగి బతికినవాళ్ళ ఫైల్ రాదా తమ్ముడూ" అన్నా. "అలాంటి ఫైల్ లేదు సార్" అన్నాడు.

కాబట్టి పైన బిట్టుబాబు చెప్పిందీ నిజమే, పక్షి చెప్పిందీ నిజమే. నా చావు వార్త మాత్రం ఒక్క రాత్రిలో నాలుగు ఆఫీసులకి పాకింది, ఎంత బాగా పంచుకున్నారో. దిద్దుబాటే నా కాళ్ళ మీద నడిచింది.

నల్లమసి
"తిరిగి బతికినవాళ్ళ ఫైల్ లేదు సార్" నేను గోడ మీద రాసిపెట్టుకుంటున్నా దీన్ని.

మస్తుపరేషాన్
గిది కంప్యూటర్‌తోనే వచ్చిన రోగం అనుకోకుండ్రి. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ దిక్కు లాల్ బిహారీ అని ఒకాయన ఉండె, 1975ల భూమి కోసం చుట్టాలే ఆయన్ను కాగితం మీద చంపిచ్చిండ్రు. 1994 దాకా కొట్లాడితే గానీ మళ్ళ బతుకలే. మధ్యల తనలాంటోళ్ళందర్నీ పోగేసి మృతక్ సంఘ్ అని సంఘమే పెట్టిండు, పేరు ఎనుక 'మృతక్' అని తగిలిచ్చుకుండు. 2003ల ఇగ్ నోబెల్ శాంతి బహుమతి గూడ ఇచ్చిండ్రు ఆయనకు, అసలు నోబెల్ కాదు, దాని లెక్క నవ్వులాటకిచ్చేది. అప్పుడు కంప్యూటర్ యాడిది, అంతా పట్వారీ పుస్తకమే.

బతికేఉన్నా_సామీ
ఆ సంఘంలో మెంబర్‌షిప్ ఆన్‌లైన్‌లో దొరుకుతుందా అన్నా? లైవ్ ఫోటో అడగరు కదా.

బిట్టుబాబు
సామీ గారి కేసు నాకు చాలా పని పెట్టింది, రాత్రి దాని గురించే ఆలోచించా. అక్కడ జరిగింది పంచుకోవడం కాదు, కాపీ కొట్టుకోవడం. రెండూ ఒకటి కాదు. కాపీ అంటే ప్రతి ఆఫీసూ ఒక జిరాక్స్ తీసి దాచుకుంది, ఒరిజినల్ మారితే జిరాక్స్ మారదు. నేను పైన చెప్పిన పద్ధతిలో ఆరోగ్య కార్డు వాళ్ళు మీరు వచ్చినప్పుడు ఆ నిమిషానికి జనాభా రిజిస్టర్‌ని అడుగుతారు, "ఈయన ఉన్నాడా" "ఉన్నాడు" అంతే. ఒక్కచోట దిద్దితే అందరికీ దిద్దినట్టే. దాచుకోవడం లేదు కాబట్టి పాత తప్పు మిగలదు.

ఇంకోటి, పేరూ పుట్టిన సంవత్సరం చూసి జత కలపడం అనేది నేరం కింద లెక్క. ఒకే పేరు ఇంటిపేరు ముందు రాస్తే ఒక మనిషి, వెనక రాస్తే ఒక మనిషి, పొడి అక్షరాలు రాస్తే మూడో మనిషి. పుట్టినరోజు తెలియనివాళ్ళందరికీ జనవరి 1 వేసేస్తారు, ఆ రోజున పుట్టినవాళ్ళంతా కవలలే.

రిజిస్టర్_రాణి
బిట్టుబాబూ, ఆ నిమిషానికి అడగడం బాగుంది, అవతలి సర్వర్ పడుకుంటే? నేను ఇలాంటి ఆఫీసులోనే చేస్తా. అందరూ కాపీ పెట్టుకునేది సరదాకి కాదు, అవతలివాళ్ళ సిస్టమ్ మధ్యాహ్నం రెండింటికి పోతే మా క్యూలో రెండొందల మంది నా మొహం చూస్తారు. ఒరిజినల్ దగ్గరే అడగాలంటే ఆ ఒరిజినల్ ఎప్పుడూ లేచి ఉండాలి, దానికి డబ్బు, మనుషులు కావాలి, ఆ ఆఫీసుకేమో "వేరేవాళ్ళ పనికి నా బడ్జెట్ ఎందుకు" అని ఉంటుంది. ఈ చివరి మాట మీద ఎన్ని మీటింగులు జరిగాయో నాకు తెలుసు.

గాలివాటం
అన్నీ బ్లాక్‌చెయిన్‌లో పెడితే ఒక్క దెబ్బకి అయిపోతుంది కదా. ఎవ్వరూ మార్చలేరు.

బతికేఉన్నా_సామీ
అమ్మా నాయనా వద్దు. ఎవ్వరూ మార్చలేకపోతే నేను పర్మనెంట్‌గా పోయేవాణ్ణి.

అనుమానప్పక్షి
సామీ గారిది ఏదో అరుదైన కేసు అనుకునేవాళ్ళకి. అమెరికాలో పెన్షన్లు ఇచ్చే సోషల్ సెక్యూరిటీ ఆఫీసు వాళ్ళకి ఏటా 30 లక్షలకు పైగా మరణ వార్తలు వస్తాయి, అందులో పొరపాటున చంపేసినవి ఒక శాతంలో మూడో వంతు కంటే తక్కువే అని వాళ్ళే చెప్పుకున్నారు. వినడానికి ఎంత చిన్నగా ఉంది! లెక్క వేస్తే ఏడాదికి పది వేల దగ్గరికి పోవచ్చు. ఆ జాబితా నుంచి బ్యాంకులకీ వాటికీ పోతుంది, కార్డు ఆగుతుంది, అప్పు పుట్టదు. శాతం చూసేవాడు ఆఫీసులో ఉంటాడు, మనిషి క్యూలో ఉంటాడు.

లెక్కలమాస్టారు
తప్పు డేటా గురించే మాట్లాడుతున్నారు. నేను ఇంకా భయపెట్టేది చెప్తా. డేటా రెండు వైపులా కరెక్టే, అయినా కలిపితే తప్పు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని జరిగింది. భత్యం తీసుకునేవాళ్ళు పదిహేను రోజులకోసారి ఎంత సంపాదించారో చెప్పాలి, దాన్ని బట్టి భత్యం. పన్ను ఆఫీసు దగ్గరేమో ఏడాది మొత్తం ఆదాయం ఉంటుంది. ఈ రెండూ జత కలిపారు. ఎలా? ఏడాది ఆదాయాన్ని 26తో భాగించారు, ఏడాదికి 26 పక్షాలు కదా.

ఇప్పుడు చూడండి. ఒక మనిషి ఆరు నెలలు ఉద్యోగం చేశాడు, తర్వాత ఉద్యోగం పోయింది, ఆరు నెలలు భత్యం తీసుకున్నాడు. నిజాయితీగా చెప్పాడు, ఆ ఆరు నెలల్లో ఆదాయం సున్నా అని. సగటు కడితే మిషన్‌కి ఎలా కనపడుతుంది? ఏడాది పొడుగునా సగం జీతం వచ్చినట్టు. అంటే భత్యం తీసుకున్న రోజుల్లో కూడా సంపాదిస్తూ దాచాడు, అబద్ధాలకోరు. ఉత్తరం పోయింది, ఇంత బాకీ ఉన్నావు, కాదంటే నువ్వే నిరూపించుకో, ఏళ్ళ కిందటి పే స్లిప్పులు పట్టుకురా అని. లక్షల మందికి ఇలా బాకీలు వేశారు. చివరికి అది చట్టవిరుద్ధమని తేలింది, డబ్బులు తిరిగివ్వాల్సొచ్చింది, రాయల్ కమిషన్ అని విచారణ సంఘం వేశారు, 2023 జులైలో రిపోర్ట్ వచ్చింది. ఏడో క్లాసు పిల్లాడికి సగటు అంటే ఏంటో నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది, సగటు లోతు మోకాలి దాకా ఉన్న చెరువులోనూ మునిగిపోతారురా అని.

ఓటీపీ_కూతురు
అంటే 'ఆదాయం' అనే మాట రెండు ఆఫీసుల్లో రెండు అర్థాలు.

లెక్కలమాస్టారు
అదేనమ్మా. 'కుటుంబం' కూడా అంతే. ఒక ఆఫీసుకి ఒకే పొయ్యి, ఒక ఆఫీసుకి ఒకే చిరునామా, ఒక ఆఫీసుకి భార్యాభర్తాపిల్లలు. అద్దెకున్నవాణ్ణి చిరునామా చూసి ఇంటివాళ్ళ కొడుకు చేసేస్తారు.

క్యూలో_చివరివాడు
ఇంటివాళ్ళకి ఆస్తి ఉంటే నాకేం అభ్యంతరం లేదు మాస్టారూ.

పాతగుమస్తా
మాస్టారు చెప్పింది వింటే ఒకటి గుర్తొచ్చింది. ఈ జత కలపడాల గురించి అమెరికాలో 1988లోనే చట్టం చేశారు. రెండు ఆఫీసుల ఫైళ్ళు కంప్యూటర్లో కలిపి ఒకడికి భత్యం ఆపాలంటే ముందు ఆ వివరం నిజమో కాదో వేరేగా విచారించాలి, ఆ మనిషికి నోటీస్ ఇవ్వాలి, కాదని చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి, అప్పుడే ఆపాలి. ముప్పై అయిదేళ్ళ పైమాట. అంటే ఇదంతా ఎవరికీ తోచక జరగట్లేదు. ముందు ఆపెయ్యి, వాడే వస్తాడు అనేది సులువు కాబట్టి జరుగుతోంది. మేమూ అదే చేసేవాళ్ళం, వచ్చినవాడు అర్హుడు, రానివాడు దొంగ. రాలేనివాడు అనే గడి మా రిజిస్టర్‌లో లేదు.

అలసిన_పాదాలు
గుమాస్తా గారూ మీరు ఉద్యోగంలో ఉండగా ఈ మాటలు ఎవరికైనా చెప్పారా

పాతగుమస్తా
లేదమ్మా.

రిజిస్టర్_రాణి
అందరికీ ఒకే నంబర్ ఉంటే సామీ గారి గొడవ రాదు కదా అని ఎవరో అడుగుతారని చూస్తున్నా, ఎవరూ అడగలేదు, నేనే అడుగుతా.

బిట్టుబాబు
రాదు. కానీ పక్షి గారి గొడవ వస్తుంది. ఒకే నంబర్ అన్ని చోట్లా ఉంటే ఎవరైనా రెండు ఫైళ్ళు సంపాదించి పక్కపక్కన పెట్టుకుంటే మనిషి మొత్తం చిత్రం తయారు. ఆస్ట్రియా వాళ్ళు దీనికి మంచి కిటుకు చేశారు, ఒక మూల నంబర్ నుంచి పన్నుకి ఒక నంబర్, ఆరోగ్యానికి ఒక నంబర్, చదువుకి ఒక నంబర్ ఇలా రంగానికొకటి లెక్క కట్టి పుట్టిస్తారు. వెనక్కి లెక్క కట్టి మూలం కనుక్కోవడం కుదరదు. పన్ను ఆఫీసు వాడికి ఆరోగ్యం ఫైల్ దొరికినా మీరెవరో జత కలపలేడు. కలపాల్సిన అవసరం చట్టంలో ఉంటే మాత్రం దానికో దారి ఉంటుంది. నాకు తెలిసినంతలో ఇంత అందమైన డిజైన్ లేదు.

అనుమానప్పక్షి
ఇది మొదటిసారి నువ్వు నాకు నచ్చిన మాట చెప్పావు. జర్మనీలో 1983లో జనాభా లెక్కల కేసులో రాజ్యాంగ కోర్టు తన గురించిన సమాచారం ఎవరికి పోవాలో తేల్చుకునే హక్కు మనిషిదే అంది, అందుకే వాళ్ళు ఒకే నంబర్ అంటే చాలా ఏళ్ళు భయపడ్డారు. 2021లో చివరికి పన్ను నంబర్‌నే చాలా రిజిస్టర్లకి వాడేట్టు చట్టం చేశారు, అప్పుడు కూడా ఏ ఆఫీసు ఏ ఆఫీసుకి ఏం పంపిందో జనం చూసుకునే స్క్రీన్ ఒకటి ఉండాలని అందులోనే పెట్టారు. మన ఆధార్ మీద 2018 సెప్టెంబర్ 26 తీర్పు కూడా ఇలాంటి గీత గీయడమే, ప్రభుత్వ పథకాలకి సరే, ప్రైవేట్ కంపెనీలు అడగడానికి వీలిచ్చిన భాగం కొట్టేశారు. అదే ఏడాది అసలు నంబర్ ఇవ్వకుండా 16 అంకెల వర్చువల్ ఐడీ ఇచ్చే వీలు కూడా వచ్చింది. ఎంతమంది వాడుతున్నారో మీకే తెలుసు.

క్యూలో_చివరివాడు
వర్చువల్ ఐడీ ఇస్తే కౌంటర్ వాడు "ఇదేంటి నాలుగు అంకెలు ఎక్కువున్నాయి" అన్నాడు.

గాలివాటం
ఎస్టోనియా ఎస్టోనియా అంటున్నారు, అక్కడ గుర్తింపు కార్డులు హ్యాక్ అయ్యాయి కదా.

బిట్టుబాబు
హ్యాక్ అవ్వలేదు, అయ్యే వీలుందని తేలింది, తేడా ఉంది. 2017లో చెక్ పరిశోధకులు ఒక చిప్‌లో డిజిటల్ తాళం చెవులు పుట్టించే పద్ధతిలో లోపం కనిపెట్టారు. ఆ చిప్ ఉన్న కార్డులు అక్కడ ఏడున్నర లక్షల పైన ఉన్నాయి, అంటే దేశంలో సగం పైన జనం. దాచిపెట్టలేదు, ప్రధాని స్థాయిలో బయటికి చెప్పారు, నవంబర్‌లో ఆ కార్డుల్లోని డిజిటల్ సర్టిఫికెట్లు ఆపేశారు, జనం ఇంట్లో కూర్చుని కంప్యూటర్ నుంచే కొత్తవి ఎక్కించుకునే ఏర్పాటు చేశారు, ఆఫీసుల దగ్గర క్యూలు కూడా పడ్డాయి. నాకైతే దాని వల్ల వాళ్ళ మీద నమ్మకం పెరిగింది.

అనుమానప్పక్షి
నాకూ అక్కడ నచ్చేది కార్డు కాదు. తమ రికార్డు ఎవరు తెరిచి చూశారో అక్కడి జనం పోర్టల్లో చూసుకోవచ్చు. తేదీ, ఆఫీసు, అంతా. పని లేకుండా తెరిస్తే అడగొచ్చు, శిక్ష పడుతుంది. నన్ను ప్రభుత్వం చూస్తుంటే ప్రభుత్వాన్ని నేనూ చూస్తుండాలి, అప్పుడు ఎన్ని ఆఫీసులు కలిసినా నాకు అభ్యంతరం లేదు.

రిజిస్టర్_రాణి
మా దగ్గర లాగ్ ఉంది. మేం చూడొచ్చు, మీరు చూడలేరు. ఆమాటకొస్తే మేమూ చూడం. పాస్‌వర్డ్ ఒకటే, సెక్షన్ అంతా వాడతాం, లాగ్‌లో ఎప్పుడూ లాస్ట్ ఇయర్ రిటైరైన సార్ పేరే ఉంటుంది. పాపం ఆయన ఇప్పటికీ రోజుకి మూడొందల ఫైళ్ళు చూస్తున్నారు.

పాతగుమస్తా
ఆ సార్ నేను కాదు కదా తల్లీ?

నల్లమసి
😂😂😂

మస్తుపరేషాన్
నాకొకటి సమజైతలేదు. పెన్షన్ తీసుకునే ముసలోళ్ళు ఏటా పోయి "నేను బతికే ఉన్న" అని సర్టిఫికెట్ ఇయ్యాలె. 2014 సంది అది ఆన్‌లైన్‌ల గూడ వచ్చింది జీవన్ ప్రమాణ్ అని, వేలు పెట్టి ఇయ్యొచ్చు. మా తాతకు వేలిముద్రలే అరిగిపోయినయ్, మిషన్ మీద ఎన్నిసార్లు ఒత్తినా ఎర్ర లైటే. ఇప్పుడు మొఖం చూపెట్టి ఇస్తున్నం. కానీ అసలు సంగతి ఏంది, చావు రిజిస్టర్ చేసే ఆఫీసు పెన్షన్ ఆఫీసుకు చెప్తే బతికున్నోళ్ళు ఎందుకు పోవాలె? సచ్చిన ఒక్కని కబురు చెప్పనీకి చేతగాక బతికున్న వందమందిని హాజరు పిలుస్తున్నరు.

బిట్టుబాబు
ఇది నేను ఇంతవరకూ ఇలా ఆలోచించలేదు అన్నా.

బతికేఉన్నా_సామీ
నేను ఒప్పుకోను. ఆ సర్టిఫికెట్ వల్లే నేను బతికానని నిరూపించుకున్నా మూడో ఆఫీసులో. చావు కబురు దానంతటది వచ్చే పద్ధతి మాత్రమే ఉండి, నేను బతికున్నానని చెప్పుకునే కిటికీ లేకపోతే నా గతేంటి? కబురు పంపండి, కానీ ఆపేముందు ఒక ఫోన్ చెయ్యండి. ఎత్తితే బతికున్నట్టే కదా.

మస్తుపరేషాన్
అలసిన_పాదాలు అక్క లెక్క పిల్లలు ఎత్తితే?

బతికేఉన్నా_సామీ
అది నిజమే 😐

మాడరేటర్
ఏ పార్టీ ప్రభుత్వం ఏం చేసింది అన్న పోస్టులు మూడు తీసేశాను. ఎవరి సర్టిఫికెట్ నంబర్లూ స్క్రీన్‌షాట్లూ ఇక్కడ పెట్టకండి, ఒకరు పెట్టారు, తీసేశాను. డేటా భద్రత గురించి మాట్లాడుతూ క్యూఆర్ కోడ్‌తో సహా పెట్టడం ఏంటండీ.

క్యూలో_చివరివాడు
నేనే. సారీ.

ఓటీపీ_కూతురు
అలసిన_పాదాలు గారూ, మీ సంగతి ఏమైంది? ఎవరూ మీకు పనికొచ్చేది చెప్పినట్టు లేదు, అందరం దేశాలు తిరిగొచ్చాం. నాకు తెలిసిన చిన్న ఉపాయం: ప్రతి చోటా అప్‌లోడ్ చేశాక వచ్చే రసీదు నంబర్, తేదీ ఒక కాగితం మీద రాసుకోండి, మామయ్య పోయినప్పుడు మా వాళ్ళు రాసుకోలేదు, ఒక ఆఫీసు మాకు అందలేదు అంటే మొదటికొచ్చింది. ఇంకోటి, ఆ ఓటీపీల ఫోన్ సిమ్ అన్ని పనులూ అయ్యేదాకా తీసెయ్యకండి, సిమ్ పోతే కొన్నాళ్ళకి ఆ నంబర్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, అప్పుడు మీ నాన్నగారి ఓటీపీలు వాళ్ళకి పోతాయి. ప్రతి పోర్టల్లో నంబర్ తీయించాకే సిమ్ తీయించండి.

అలసిన_పాదాలు
అందరికీ థాంక్స్, రెండు రోజులుగా చదువుతూనే ఉన్నా, రాయడానికి కుదరలేదు. ఆరు ఆఫీసులు అయ్యాయి. ఏడోది నిన్న అయ్యింది, అప్రూవ్ అయినట్టు మెసేజ్ నాన్న నంబర్‌కే వచ్చింది, "ప్రియమైన ఖాతాదారుకు, మీ మరణం విజయవంతంగా నమోదైంది" అని. కింద సేవ ఎలా ఉందో అయిదు నక్షత్రాల్లో చెప్పమని లింక్. అమ్మ చూస్తుందేమోనని డిలీట్ చేశాను.

కూతురు గారూ మీరు చెప్పినట్టే అన్ని చోట్లా నంబర్ తీయించి ఇవాళ సిమ్ క్యాన్సిల్ చెయ్యడానికి యాప్ తెరిచాను. కారణం అనే గడిలో 'ఖాతాదారు మరణం' ఎంచుకుంటే డెత్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చెయ్యమంది. ఎనిమిదోసారి.

క్యూలో_చివరివాడు
ఎన్ని కేబీ లోపు?

అలసిన_పాదాలు
100. జేపీజీ మాత్రమే.